బూడిదరంగు కోటుకు నల్లదారం

"సొమ్ము దొరికిందటే అమ్మాయ్! సొమ్ము దొరికింది!"

చిన్నకోడలు ఒక చెప్పు విప్పి రెండోది విప్పేలోపే అత్తగారు ఆమె గడ్డం పట్టుకుని నోట్లో చెంచాడు పంచదార పోసేసింది. పొద్దున ఐదున్నరకు ఇల్లు వదిలిన మనిషి. రక్తపరీక్షల కేంద్రంలో పని. పరగడుపున వచ్చేవాళ్ళ రక్తం తీయాలంటే తీసేవాళ్ళూ పరగడుపునే బయల్దేరాలి. సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరితే గుమ్మంలోనే ఈ తీపి!

"ఏ సొమ్మత్తయ్యా? ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు, లాయరే! ఇందాక ఫోను చేశాడు. రిపోర్టు వచ్చిందట. కోటు మీద సొమ్ము దొరికిందమ్మగారూ అన్నాడు. చూశావా, ఆ గడియారాలాయన సొమ్మంతా కోటు జేబులో పెట్టుకునే పోయాడు! మన చిన్నోణ్ణి పట్టుకెళ్ళి మూడు నెలలు లోపల పడేశారు. కాస్త జేబు తడిమి చూడక్కర్లా వాళ్ళు?"

అత్తగారికి కుడిచెవి వినపడదు. ఎడమచెవి వినపడుతుంది గాని, తనకు కావలసిందే వింటుంది.

చిన్నకోడలికి ఆ మాట పొసగలేదు. అయినా పంచదార కరుగుతున్న నోటితో కాదనబుద్ధీ కాలేదు. మూడు నెలలుగా ఈ ఇల్లు ఆ రిపోర్టు మీదే బతుకుతోంది. గడియారాల దుకాణం యజమాని దుకాణంలోనే చచ్చిపడి ఉన్న సాయంత్రం, అదే భవనంలో లిఫ్టు బాగుచేసి వచ్చాడు ఆమె భర్త. లిఫ్టును పైకి పంపినవాడే మనిషినీ పైకి పంపాడు, గల్లాలో సొమ్మూ కనపడలేదు అన్నారు పోలీసులు. ఆయన మొహం కూడా నేనెరగనన్నాడు అతను. నోటిమాట ఎవడిక్కావాలి, నోరు తెరువు అన్నారు. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి డి.ఎన్.ఏ. పరీక్షకు పంపుతామన్నారు.

అతను వెనకాడాడు. ముందుకు తోసింది ఆమే.

"నువ్వేం చెయ్యనప్పుడు భయమెందుకు? నోరు తెరిచి పెట్టించుకో. మనిషి అబద్ధమాడతాడు గాని పరీక్ష ఆడదు."

అతను బుద్ధిగా నోరు తెరిచాడు. అంతే, మళ్ళీ జైలు తలుపు తెరుచుకోలేదు.

బయట స్కూటరు ఆగింది. బావగారు, వెనక లాయరు. బావగారు ఆఫీసులో హెడ్ క్లర్కు. ఇంట్లోనూ ఆ కుర్చీ దిగని మనిషి. ఇవాళ మాత్రం ఆయన మొహం ముద్ర పడని కాగితంలా వెలవెలబోతోంది. లోపలినుంచి తోడికోడలు వచ్చి తలుపు పక్కన నిలబడింది.

అత్తగారు లాయరు అరచేతిలోనూ చెంచాడు పంచదార పోసింది. "తినండి నాయనా. మీ కడుపు చల్లగుండ! రేపు విచారణ కాగానే వాడు వచ్చేస్తాడు కదూ?"

లాయరు అరచేతిని చూసుకున్నాడు. తినడానికి నోరు రాదు, పారేయడానికి చెయ్యి రాదు. పిడికిలి మూసి, గొంతు తగ్గించాడు. ఆ ఇంట్లో గొంతు తగ్గించడమంటే అత్తగారి మొహాన తలుపు వేసుకోవడమే.

"సొమ్ము కాదమ్మా," అన్నాడు చిన్నకోడలితో. "ఉమ్ము."

"ఏంటి?"

"ఉమ్ము. మీవారిది. చనిపోయినాయన కోటు మీద, పైనుంచి రెండో గుండీ దగ్గర. ల్యాబువాళ్ళు కోటంతా చూశారు. అక్కడ తుడిస్తే దొరికింది, పరీక్ష చేస్తే మీ ఆయనతో కలిసింది."

"కలవడంలో తేడా ఏమైనా..."

"వందకోట్లమందిలో ఇంకొకడితో కలవదని రాశారు."

పంచదార నాలుక మీదే ఉంది. తీపి మాత్రం ఎటో పోయింది.

"మొహం కూడా ఎరగనన్నాడు!" బావగారు ఒక్కసారిగా లేచాడు. "నా ఎదురుగా కూర్చుని, నా కళ్ళలోకి చూసి చెప్పాడు! మొహం ఎరగనివాడి కోటు మీద ఉమ్మెలా పడుతుందండీ? గాలికి ఎగిరొచ్చిందా?"

"పోలీసులు చెప్పేది పెనుగులాట," అన్నాడు లాయరు. "మొహంలో మొహం పెట్టి అరిచాడు, తుంపర పడింది అంటారు. అయితే ఒక మాట. రిపోర్టు ఆ ఉమ్ము ఎవరిదో చెబుతుంది. ఎప్పుడు పడిందో చెప్పదు, ఎలా పడిందో చెప్పదు. మనకు మిగిలిన సందు అదొక్కటే. ఆ సందులోంచి మనిషిని బయటికి లాగాలంటే ఉమ్ము ఇంకో దారిన వచ్చిందని చూపించాలి. మీ ఆయనా ఆ కోటూ ఎక్కడైనా ఎదురుపడ్డారా? గుర్తు చేసుకోండమ్మా."

కోటుకూ కోర్టుకూ నడుమ ఉన్నది ఒక్క రేఫ. అంత ఇరుకులో ఒక మనిషి బతుకు ఇరుక్కుంది.

ఆమె గుర్తు చేసుకోవడం మొదలుపెట్టింది. గుర్తొచ్చినవన్నీ వేరే గుర్తులు. ఆ సాయంత్రం అతను ఆలస్యంగా వచ్చాడు. పెరట్లో చాలాసేపు చేతులు రుద్దుకున్నాడు. గ్రీజు అనుకుంది అప్పుడు. గ్రీజేనా? అన్నం సగంలో లేచాడు. ఎందుకు లేచాడు?

రోజుకు నలభైమందికి సూది గుచ్చే చెయ్యి ఆమెది. సీసా మీద పేరు రాయకుండా బల్ల మీద పెట్టిన రోజు లేదు. తీపి ముట్టనమ్మా అని ఒట్టేసేవాళ్ళు వస్తారు. సాయంత్రానికి సీసా వాళ్ళ ఒట్టును గట్టు మీద పెట్టేస్తుంది. ఎనిమిదేళ్ళలో ఆమె మనుషులు మాట మార్చడం చూసింది గాని, సీసా మాట మార్చడం చూడలేదు.

"మెత్తగా ఉండేవాళ్ళతోనే భయం," అంది తోడికోడలు తలుపుతో చెబుతున్నట్టు. "అరిచేవాళ్ళ లోపల ఏం మిగలదు."

"నువ్వూరుకో," అన్నాడు బావగారు. ఆ వెంటనే లాయరు వైపు తిరిగి, "ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందంటారుగా? కోపంలో జరిగింది, కావాలని కాదు అని. ఎంతో కొంత తగ్గిస్తారుగా?"

లాయరు చిన్నకోడలి వైపు చూశాడు. "భార్య చెబితే వింటారేమో. మీరేమంటారమ్మా?"

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. చనిపోయినాయన దుకాణంలో ఎన్ని గడియారాలో, ఆ క్షణం ఏ ముల్లు ఎక్కడ ఆగిందో.

"ఒప్పుకోమనే చెప్పండి," అంది ఆమె.

అనేసింది. ఎనిమిదేళ్ళ కాపురాన్ని ఎనిమిది అక్షరాల్లో తెంపేసింది. లాయరు తల దించుకుని ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు.

"ఏంటర్రా అందరూ అలా మొహాలు వేలాడేశారు?" అత్తగారు కాఫీ గ్లాసులతో వచ్చింది. "దొరకలేదన్న మూడు నెలలూ ఏడ్చారు, దొరికిందంటే కూడా ఏడుపేనా? ఒరేయ్ పెద్దోడా, నువ్వు నవ్వితే నీ ఆఫీసువాళ్ళు జీతం కోసుకుంటారా ఏం?"

అత్తగారికి చెప్పాలంటే అరవాలి. ఆ మాట అరిచే గొంతు నలుగురిలో ఒక్కరికీ లేదు.

లాయరు ఫైలు సర్దుతుంటే పెద్ద ఫోటో ఒకటి జారి కింద పడింది. అత్తగారు వంగి తీసింది. కిటికీ దగ్గరకు వెళ్ళి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసింది.

"ఇదేనా ఆ సొమ్మున్న కోటు? ఏ జేబులో..." మాట ఆగింది. ఫోటోను ఇంకాస్త దూరం జరిపింది. "ఓరి! ఇది నా గుండీయే!"

"ఏంటమ్మా నీ గుండీ?" బావగారు విసుక్కున్నాడు.

"నేను కుట్టిన గుండీరా! పైనుంచి రెండోది. మిగతావి బూడిదరంగు దారం, ఇదొక్కటే నల్లది, చూడు. గుండీ కింద నల్లదారంతో మెడ కట్టి మూడు చుట్లు తిప్పాను. అలా ఇంకెవరు తిప్పుతారు ఈ ఊళ్ళో?"

సోదికి పోతే పాత గుట్టు బయటపడ్డట్టయింది. చిన్నోడు వచ్చేస్తున్నాడన్న సంతోషంలో ఆ ముసలిప్రాణం రెండేళ్ళుగా నాలుక కింద దాచుకున్నది కాస్తా నాలుక మీదికి తెచ్చేసుకుంది. అన్నాక గాని పెద్దకొడుకు ఎదురుగా ఉన్నాడని గుర్తు రాలేదు.

"మళ్ళీ మొదలుపెట్టావా?" బావగారి గొంతు పైకి లేచింది. "బుట్ట తీసి పారేశాను. వద్దని చెప్పాను. ఊళ్ళోవాళ్ళ చొక్కాలకు మా అమ్మ గుండీలు కుడుతోందంటే ఆఫీసులో నేను తలెత్తుకోగలనా? ఒట్టేశావు కదూ?"

"నీ తలెత్తడానికి నా చేతులు ముడుచుక్కూర్చోవాలా? నలభై ఏళ్ళు కుట్టిన వేళ్ళురా ఇవి. ఊరికే ఉంటే నొప్పులు. ఇస్త్రీ షాపతను మధ్యాహ్నం పూట, మీరెవరూ లేనప్పుడు, గుండీలు ఊడినవి తెచ్చిస్తాడు. సాయంత్రం మీరొచ్చేలోపు పట్టుకెళ్తాడు. దొంగతనమా ఏం?"

"దొంగతనంగా చేస్తే దొంగతనమే!"

"బావగారూ, ఒక్క నిమిషం," అంది చిన్నకోడలు.

ఆ ఇంట్లో ఆమె బావగారి మాటకు అడ్డం రావడం అదే మొదలు. ఆమె అత్తగారి ఎడమవైపుకు వెళ్ళి నిలబడింది.

"అత్తయ్యా! మీకు సూదిబెజ్జం కనపడదు కదా?"

"కనపడదే. అదెప్పుడో పోయింది. కుట్టడానికి కళ్ళెందుకు, వేళ్ళున్నాయి. ఎక్కించడానికే కళ్ళు కావాలి."

"మరి ఎవరు ఎక్కిస్తారు?"

అత్తగారు నవ్వింది. బోసినవ్వు. "ఇంకెవరు, మా చిన్నోడే. నువ్వు ఐదున్నరకే పోతావుగా, నీకెలా తెలుస్తుంది? వాడు పనికెళ్ళే ముందు కాఫీ తాగి పన్నెండు సూదులకు దారం ఎక్కించి పెట్టి వెళ్ళేవాడు. అమ్మా, ఇవాళ డజను చాలా అనేవాడు. అన్నకు చెప్పకురా అంటే, నోరు తెరిస్తే దారం ఊడిపోద్దమ్మా, ఎలా చెబుతాను అనేవాడు వెధవ!"

నోట్లో నువ్వుగింజ నానని ఇంట్లో రెండేళ్ళపాటు ఒకడి నోట్లో దారం నానింది. ఒక్కరికీ తెలియలేదు.

"దారం ఎలా ఎక్కించేవాడత్తయ్యా?"

"ఎలా ఏంటే? అందరూ ఎక్కించినట్టే. ఉండు."

అత్తగారు బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి గుడ్డతో కుట్టిన చిన్న సూదులదిండు తీసింది. నాలుగు సూదులున్నాయి. నాలుగింటికీ నల్లదారాలు వేలాడుతున్నాయి. కొసలకు ముడులు.

"వాణ్ణి తీసుకెళ్ళిన రోజు పొద్దున ఎక్కించినవి. ఎనిమిది వాడేశాను. తర్వాత కుట్టబుద్ధి కాలేదు. ఇవి కూడా అయిపోతే వాడు ఎక్కించినవి ఇంక ఉండవు కదా అని దాచుకున్నా. ఇదిగో చూడు, దారం కొస ఇలా పెదాల మధ్య పెట్టి..."

ఒక సూదిలోంచి దారం లాగి, కొస నోట్లో పెట్టుకుని చక్కగా తడిపింది.

"అత్తయ్యా!"

"అమ్మా!"

"అమ్మగారూ!"

ముగ్గురూ ఒకేసారి అరిచిన అరుపుకు కుడిచెవి కూడా వినే ఉంటుంది. అత్తగారు బెదిరిపోయి దారం చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఉమ్మడి కుటుంబంలో ఉమ్మి కూడా ఉమ్మడే. మూడు నెలల కిందటి కొడుకుది, ఇప్పటి తల్లిది, ఒకే పోగు మీద.

"మూడు మిగిలాయి," అన్నాడు లాయరు. పిడికిట్లో పంచదార చెమటకు పాకమై వేళ్ళ సందుల్లోంచి కారుతున్నా చూసుకోలేదు. "దిండు బల్ల మీద పెట్టండి. ఎవరూ ముట్టుకోకండి. తడిపి ఎక్కించాడు, ముడి కూడా తడి వేళ్ళతోనే వేశాడు. ఆ ముడి గుండీ కింద, కోటులోనే ఉండిపోయింది. అదండీ దారి! అతను కోటును చూడలేదు. కోటాయన్ను చూడలేదు. అయినా అతని ఉమ్ము అక్కడుంది. రిపోర్టూ నిజమే. అతనూ నిజమే."

తుంపరైతే కోటంతా పడాలి, ఒక్క గుండీ దగ్గరే ఎందుకుంటుంది? రోజంతా దూదీ సూదీ పట్టుకునే మనిషికి తట్టాల్సిన మొదటి ప్రశ్న అది. తట్టలేదు. సీసా మీద పేరుంటుంది గాని కథ ఉండదని రోజూ చూస్తూనే ఉంది. వాళ్ళవీ వీళ్ళవీ అయితే తెలిసింది, తన మొగుడిదయ్యేసరికి పేరు చదివి కథ తనే రాసేసుకుంది.

ఆమె సంచిలోంచి చేతితొడుగులు తీసింది. కాగితం కవరు తీసింది. అలవాటైన పని, వేళ్ళు వాటంతటవే కదిలాయి.

"మీరసలు ముట్టుకోకండి," అన్నాడు లాయరు.

"నాకు పద్ధతి తెలుసండీ. నా పనే ఇది."

"అందుకే వద్దంటున్నా. భార్య తెచ్చిన దారం, పైగా ల్యాబులో పనిచేసే భార్య. జైలుకు చూడ్డానికెళ్ళి మొగుడిచేత తడిపించుకొచ్చింది అంటారు. ఇల్లు సోదా చేసిన పోలీసులే వచ్చి తియ్యాలి."

"ఆయన్ని పట్టుకున్నవాళ్ళేనా?"

"వాళ్ళే."

ఆమె తొడుగులు మళ్ళీ సంచిలో పెట్టింది. లాయరు ఫైలులో వెనక్కి వెనక్కి వెళ్ళి ఒక కాగితం దగ్గర ఆగాడు. చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"సోదా రోజు మిమ్మల్ని ఒక మాట అడిగారమ్మా. గుర్తుందా? బయటివాళ్ళ బట్టలేమైనా ఈ ఇంట్లోకి వస్తాయా, పోతాయా అని."

ఆమెకు గుర్తుంది. చనిపోయినాయన వస్తువులేమైనా ఇంట్లో ఉన్నాయేమోనని అడుగుతున్నారనుకుంది. మొగుణ్ణి కాపాడాలని గట్టిగా చెప్పింది.

లాయరు చదివాడు. "మా ఇంట్లోకి బయటివాళ్ళ గుడ్డపేలిక కూడా రాదు. ఈ ఇంట్లో అందరి సంగతీ నాకు తెలుసు. కింద మీ సంతకం."

"నాకప్పుడు తెలియదండీ! ఒట్టు! వీళ్ళెవరూ నాకు చెప్పలేదు!"

"మీకు తెలియదని నాకు తెలుసు. రేపు పదిన్నరకు అవతలి లాయరు మాత్రం ఈ కాగితం ఒక చేతిలో, అమ్మగారి మాట ఇంకో చేతిలో పట్టుకుంటాడు. రిపోర్టు వచ్చిన మర్నాటికే ముసలమ్మగారికి గుండీ గుర్తొచ్చిందటండీ అంటాడు. కుట్టు కాదు, కుట్ర అంటాడు." లాయరు బావగారి వైపు తిరిగాడు. "అందుకే ఇస్త్రీ షాపతనితోపాటు మీరూ రావాలి. అమ్మ ఎందుకు దాచిందో మీరు చెప్పాలి. మీకు భయపడి దాచిందని, మీరే బుట్ట పారేశారని, కోర్టులో, అందరి ముందూ."

బావగారు నోరు తెరిచాడు. మూశాడు. తోడికోడలు ఆయన్నే చూస్తోంది. ఆయన బల్ల మీద దిండును చూస్తున్నాడు.

"అసలేంటే ఇదంతా?" అత్తగారు చిన్నకోడలి మోచెయ్యి పట్టుకుంది. "సూదులెందుకు ముట్టుకోవద్దంటారు? వీడెందుకు అలా బిగుసుకుపోయాడు? సొమ్ము దొరికిందిగా?"

ఇంక దాచడానికి ఆ ఇంట్లో డబ్బా వెనక చోటు కూడా లేదు. చిన్నకోడలు అత్తగారి ఎడమచెవి దగ్గరకు వంగింది. అందరూ వింటుండగా, గట్టిగా, మాట మాట విడదీసి చెప్పింది.

"సొమ్ము కాదత్తయ్యా. ఉమ్ము. ఆయన ఉమ్ము. చనిపోయినాయన కోటు మీద. ఆ నల్లదారం మీదుగా వెళ్ళింది. దాన్నిబట్టే ఈయనే చంపాడంటున్నారు."

అత్తగారి మొహంలో నవ్వు వెంటనే పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియక కాసేపు అక్కడే తచ్చాడింది. తర్వాత పోయింది. చేతిలో ఇంకా పట్టుకునే ఉన్న తడిదారాన్ని చూసుకుంది. పైట చెంగుతో పెదాలు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"నేనే కదే అడిగింది," అంది చాలా చిన్నగా. "కాస్త తడిపి ఎక్కించరా, పోగు విడిపోతోందీ అని. అయితే నా బిడ్డను లోపల వేసి కుట్టేసింది నేనేనా?"

"మీరు గుండీయే కుట్టారత్తయ్యా," అంది చిన్నకోడలు. లాయరు ముందున్న రెండు కాగితాలను చూస్తూ అంది. ఒకదాని మీద మూడు నెలల నాటి తన సంతకం. రెండోదాని మీద ఇందాక రాసుకున్న తన మాట, ఒప్పుకోమనే చెప్పండి. "ముడి వేసింది నేను."